ఉప్పల్ రోడ్డు మీద సైటేషన్ల లెక్క

ఏటా సెప్టెంబరు వెళ్లేసరికి మన పత్రికల జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పకుండా వస్తుంది. ప్రపంచంలోని మేటి 2 శాతం శాస్త్రవేత్తల జాబితాలో ఫలానా యూనివర్సిటీ ప్రొఫెసర్‌కు చోటు దక్కిందని, వైస్ చాన్సలర్ అభినందించారని రాస్తారు. పక్కన శాలువాతో ఫొటో. ఏళ్ల తరబడి ల్యాబ్‌లో కూర్చుని పనిచేసినవారి పేరు ఊళ్లో నలుగురికీ తెలియడం సంతోషించాల్సిన విషయమే. కానీ ఆ 2 శాతం ఎలా తేలింది, దేన్ని లెక్కపెట్టారు, ఎవరిని ఎవరితో పోల్చారు అన్న సంగతి ఆ వార్తలో ఉండదు. తెలుసుకోవాల్సిందంతా అక్కడే ఉంది. అది చెప్పడానికి తూర్పు హైదరాబాద్‌లోని ఉప్పల్ రోడ్డుకు మించిన చోటు నాకు తోచదు.

తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ చౌరస్తా దాకా పట్టుమని పది కిలోమీటర్లు కూడా ఉండదు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఎన్‌ఐఎన్. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి మీద పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. రసాయన శాస్త్రానికి ఐఐసీటీ ఉంది. దాని మూలాలు నిజాం కాలంలో, 1944లో పెట్టిన ప్రయోగశాలలో ఉన్నాయి. జీవకణాల సంగతి చూసే సీసీఎంబీ 1977లో మొదలైంది. భూమి లోపల ఏముందో తేల్చే ఎన్‌జీఆర్‌ఐ వయసు 1961 నుంచి లెక్క. మెట్రో స్టేషన్‌కు కూడా ఆ పేరే పెట్టారు. ఉప్పల్‌లో ఇన్నర్ రింగ్ రోడ్డు వైపు డీఎన్‌ఏ పరీక్షల సీడీఎఫ్‌డీ. హబ్సిగూడ చౌరస్తాలో ఎడమకు తిరిగితే నాచారం పారిశ్రామికవాడ, అక్కడి మందుల కంపెనీల ల్యాబ్‌లు. ఒకే రోడ్డు, దాని కొమ్మ మీద ఇన్ని శాస్త్రాలు. ఏ గేటు వెనక శాస్త్రవేత్తను అడిగినా తన పేపర్లకు ఎన్ని సైటేషన్లు ఉన్నాయో చెబుతారు. అయితే వంద సైటేషన్లు అన్న మాటకు ఒక్కో గేటు వెనక ఒక్కో విలువ.

సైటేషన్ అంటే పెద్ద రహస్యమేమీ కాదు. ఒక పరిశోధన పత్రం రాసినప్పుడు, మనకంటే ముందు ఎవరి పని మీద ఆధారపడ్డామో చివర్లో జాబితా ఇస్తాం. ఆ జాబితాలో ఒక పేపర్ పేరు కనిపిస్తే దానికి ఒక సైటేషన్ వచ్చినట్టు. వీటిని ఒకచోట పోగేయాలన్న ఆలోచన న్యాయవాదుల నుంచి వచ్చింది. పాత తీర్పును తర్వాతి తీర్పుల్లో ఎక్కడెక్కడ ప్రస్తావించారో చూపే షెపర్డ్స్ అనే పుస్తకాలు అమెరికాలో 1873 నుంచి వాడుకలో ఉన్నాయి. యూజీన్ గార్ఫీల్డ్ ఆ పద్ధతిని శాస్త్రానికి తేవాలని 1955లో 'సైన్స్' పత్రికలో ప్రతిపాదించాడు. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. ఆయన ఉద్దేశం, ఒక ఆలోచన ఎక్కడ మొదలై ఎటు పాకిందో వెతుక్కోవడానికి దారి వేయడం. ఉద్యోగాలకూ ప్రమోషన్లకూ అది తూకంరాయిగా మారడం ఆ తర్వాతి ముచ్చట.

రంగాన్ని బట్టి ఈ లెక్క మారడానికి కారణాలు సాదాసీదావే. గణితంలో ఒక పేపర్ చివర ఇరవై ముప్పై పాత పేపర్ల పేర్లుంటే గొప్ప. మాలిక్యులర్ బయాలజీలో యాభై దాటడం మామూలు. అంటే జీవశాస్త్రంలో ప్రతి కొత్త పేపరూ ఎక్కువ సైటేషన్లు పంచిపెడుతుంది. పైగా ఆ రంగంలో పనిచేసేవాళ్లూ, ఏటా వచ్చే పేపర్లూ ఎక్కువ. వేగంలోనూ తేడా ఉంది. జీవశాస్త్రంలో రెండు మూడేళ్లలో ఒక పేపర్ తలరాత తేలిపోతుంది. భూవిజ్ఞానంలో ఒక ప్రాంతపు రాళ్ల మీద చేసిన పనిని ఇరవై ఏళ్ల తర్వాత కూడా తీసి చదువుతారు. గణితంలో అంతకంటే నిదానం. అందుకే సీసీఎంబీలో ఒకరి సైటేషన్లనూ ఎన్‌జీఆర్‌ఐలో ఇంకొకరి సైటేషన్లనూ పక్కపక్కన పెట్టి ఎవరు గొప్ప అని అడిగితే ఆ ప్రశ్నే తప్పు.

ఈ లెక్కల్లో అందరి నోళ్లలో నానేది హెచ్-ఇండెక్స్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగో శాఖలో భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో దీన్ని ప్రతిపాదించాడు. ఒకరి పేపర్లను సైటేషన్ల వరుసలో పెద్ద నుంచి చిన్నకు పేర్చండి. ఉదాహరణకు 40, 12, 6, 4, 2 అనుకుందాం. మొదటి పేపర్‌కు కనీసం 1, రెండోదానికి కనీసం 2, మూడోదానికి 3, నాలుగోదానికి 4 ఉన్నాయా? ఉన్నాయి. అయిదోదానికి 5 ఉండాలి, 2 మాత్రమే ఉన్నాయి. కాబట్టి హెచ్-ఇండెక్స్ 4. ఇప్పుడు మొదటి పేపర్‌కు 40 బదులు 40,000 సైటేషన్లు ఉన్నాయనుకోండి. ఇండెక్స్ అప్పటికీ 4. ఉప్పల్ స్టేడియం ఊరివాళ్లకు చెప్పాలంటే, ఈడెన్ గార్డెన్స్‌లో 2001లో లక్ష్మణ్ కొట్టిన 281 ఈ లెక్కకు ఆనదు. నిలకడగా అర్ధసెంచరీలు కొట్టేవాడే దానికి కనిపిస్తాడు. నిలకడ చిన్న విషయం కాదు, కానీ ఒక్క దెబ్బతో రంగాన్నే మలుపు తిప్పినవాడిని చూడలేని కొలతతో ఎవరి స్థాయినీ తేల్చలేం.

రంగాల తేడా హిర్ష్ మొదటి పేపర్‌లోనే బయటపడింది. భౌతికశాస్త్రంలో అందరికంటే పైన ఎడ్వర్డ్ విటెన్ 110 దగ్గర ఉంటే, జీవశాస్త్రంలో సోలమన్ స్నైడర్ 191 దగ్గర ఉన్నాడు. విటెన్ అంటే గణితంలో ఫీల్డ్స్ మెడల్ అందుకున్న ఏకైక భౌతికశాస్త్రవేత్త. 110, 191 పక్కన పెట్టి ఎవరూ ఆయన్ను తక్కువవాడనరు. అయినా మన ఇంటర్వ్యూ కమిటీల్లో వేర్వేరు శాఖల అభ్యర్థులను ఇదే పద్ధతిలో పోల్చడం ఇంకా జరుగుతూనే ఉంది. తన కొలత కొన్నిసార్లు దారుణంగా విఫలమవుతుందని, అనుకోని చెడు ఫలితాలు ఇస్తుందని 2020లో హిర్ష్ స్వయంగా రాశాడు.

పత్రికల్లో వచ్చే 2 శాతం జాబితా ఈ విషయంలో కొంత మెరుగు. స్టాన్‌ఫోర్డ్‌లో జాన్ ఐయోనిడిస్ బృందం, ప్రచురణ సంస్థ ఎల్సెవియర్ వారి స్కోపస్ అనే సైటేషన్ల డేటాబేస్ సమాచారంతో దీన్ని తయారుచేస్తుంది. అది అవార్డు కాదు, ఒక పెద్ద పట్టిక. శాస్త్రాన్ని 22 రంగాలు, 174 ఉపరంగాలుగా విడదీసి, మనిషి తన ఉపరంగంలోని వాళ్ల మధ్య ఎక్కడ ఉన్నాడో కూడా చూపుతుంది. ఒక్క మొత్తాన్ని కాకుండా ఆరు అంశాలు చూస్తుంది: మొత్తం సైటేషన్లు, హెచ్-ఇండెక్స్, సహరచయితల సంఖ్యను బట్టి సరిచేసిన ఇండెక్స్, ఒంటరిగా రాసిన పేపర్లకు వచ్చినవి, ఒంటరిగానో మొదటి పేరుగానో ఉన్నవాటికి వచ్చినవి, వాటికి చివరి పేరుగా ఉన్నవి కూడా కలిపితే వచ్చినవి. ఇందులో మళ్లీ రెండు జాబితాలు. ఒకటి జీవితకాలపు పనికి, ఇంకోటి ఒక్క ఏడాదిలో వచ్చిన సైటేషన్లకు. వార్తల్లో ఈ రెండింటి మధ్య తేడా చెప్పరు. ఎవరి పేపర్లను వాళ్లే ఎంత ఉదహరించుకున్నారో చూపే శాతం కూడా అందులో ఉంటుంది. చదివే ఓపిక ఉంటే చాలా చెబుతుంది.

మొదటి పేరు, చివరి పేరు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే సీసీఎంబీ నుంచి వచ్చిన ఒక పేపర్ చూడాలి. 2009లో 'నేచర్' పత్రికలో భారత జనాభా చరిత్రను జన్యువుల ఆధారంగా పునర్నిర్మించే పత్రం అచ్చయింది. 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్‌ఏ పరిశీలించి, నేటి భారతీయుల్లో ఎక్కువ మంది రెండు పురాతన వంశధారల మిశ్రమమని తేల్చారు. పూర్వ ఉత్తర భారతీయులు ఒక ధార, పూర్వ దక్షిణ భారతీయులు ఇంకో ధార. పేపర్ మీద పేర్ల వరుస ఇది: డేవిడ్ రైక్, కుమారసామి తంగరాజ్, నిక్ పాటర్సన్, ఆల్కెస్ ప్రైస్, లాల్జీ సింగ్. జీవశాస్త్రంలో చివరి పేరు సాధారణంగా పనిని నడిపించిన పెద్దది. గణితంలో పేర్లు అక్షర క్రమంలో వేస్తారు కాబట్టి చివరి పేరుకు ఏ అర్థమూ లేదు. ఒకే పట్టికలో ఈ రెండు ఆచారాలూ కలిస్తే ఏమవుతుందో ఊహించవచ్చు.

ఆ పేపర్‌ను చాలామంది ఉదహరించారు. ఎందుకు? చరిత్రకారులు, భాషాశాస్త్రవేత్తలు, వైద్యులు, జన్యుశాస్త్రవేత్తలు అందరికీ అందులో ఏదో ఒకటి దొరికింది. మన ప్రాంతపు వైశ్యుల్లో చాలా తరాలుగా పెళ్లిళ్లు లోపలే జరగడం వల్ల జన్యువుల్లో పడిన ముద్ర కూడా అందులో ఉంది. ఆ సమూహంలో కొందరికి ఆపరేషన్ సమయంలో ఇచ్చే ఒక కండరాల సడలింపు మందు పడదని మత్తు డాక్టర్లకు ముందే తెలుసు. జన్యు చరిత్ర దాని వెనకున్న కారణాన్ని విప్పింది. ఒక పని నాలుగు రంగాల గడపల్లోకి వెళితే సైటేషన్లు నాలుగు వైపుల నుంచీ వస్తాయి. అదే స్థాయి శ్రమతో ఒక్క రంగంలో లోతుగా తవ్విన పనికి అంత సంఖ్య రాదు.

అదే 2009లో ఎన్‌జీఆర్‌ఐ వైపు ఇంకో ఆసక్తికరమైన సంగతి జరిగింది. ఆకాశంలో ఒకదాని వెనక ఒకటి తిరిగే గ్రేస్ జంట ఉపగ్రహాలు, కింద భూమి బరువు ఎక్కడ పెరిగినా తగ్గినా తమ మధ్య దూరంలో వచ్చే సూక్ష్మమైన మార్పుతో పసిగడతాయి. భూగర్భజలం తోడేస్తే ఆ మేరకు భూమి ఆకర్షణ తగ్గుతుంది. ఎన్‌జీఆర్‌ఐకి చెందిన వీరేంద్ర తివారీ, అమెరికా శాస్త్రవేత్తలు జాన్ వార్, షాన్ స్వెన్సన్‌లతో కలిసి ఉత్తర భారతం, దాని చుట్టుపక్కల ప్రాంతాల్లో ఏడాదికి సుమారు 54 ఘన కిలోమీటర్ల నీరు తరిగిపోతోందని లెక్కకట్టారు. 'జియోఫిజికల్ రీసెర్చ్ లెటర్స్'లో అచ్చయింది. దాదాపు అదే సమయంలో నాసాకు చెందిన మాథ్యూ రోడెల్ బృందం రాజస్థాన్, పంజాబ్, హర్యానాలకు మాత్రమే పరిమితమై ఏడాదికి సుమారు 17.7 ఘన కిలోమీటర్లని 'నేచర్'లో చెప్పింది. రెండూ మంచి పేపర్లే, రెండింటినీ చాలామంది ఉదహరించారు. కానీ రోడెల్ పేపర్‌కు వచ్చినవి చాలా ఎక్కువ. ఆ తేడాలో ఎంత సైన్సు వల్ల, ఎంత 'నేచర్' పేరు వల్ల, ఎంత నాసా ప్రచారం వల్ల వచ్చిందో విడదీయడం ఎవరి తరమూ కాదు. పేరున్న చోటుకే ఇంకా పేరు చేరుతుందని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఎప్పుడో గుర్తించాడు. మన ల్యాబ్‌ల పనికి ఈ తూకం ఎక్కువగా తగులుతుంది.

ఇక సైటేషన్ల ప్రపంచంలో అన్ని కాలాలకూ నిలిచిన తెలుగువాడు ఒకరున్నారు. ఆయన ఉప్పల్ రోడ్డులో పనిచేయలేదు. 1895లో భీమవరంలో పుట్టి, 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పని మొదలుపెట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1925లో ఈ ఇద్దరూ 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ'లో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతి రాశారు. జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉదహరించిన పత్రాల్లో అదొకటి.

ఆ పద్ధతి చేసి చూస్తే ఎందుకంత వాడుకలోకి వచ్చిందో తెలుస్తుంది. రక్తం నుంచో కండరం నుంచో తీసిన నమూనాలో మాంసకృత్తులు వేరుచేసి, మిగిలిన ద్రవానికి ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేట్ కలుపుతారు. ఫాస్ఫేట్ ఉంటే అది మాలిబ్డేట్‌తో కలిసి ఫాస్ఫోమాలిబ్డేట్ అవుతుంది. దానికి అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం కలిపితే కాసేపటికి నీలం రంగు తిరుగుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఉంటే నీలం అంత చిక్కన. తెలిసిన మోతాదుతో చేసిన నీలం పక్కన పెట్టి కొలిస్తే, ఎంతుందో తేలిపోతుంది. ఖరీదైన పరికరం అక్కర్లేదు, గంటల తరబడి వేచి చూడక్కర్లేదు. ఫాస్ఫేట్ కొలవాల్సిన ప్రతి ల్యాబూ ఆ పద్ధతి వాడింది, వాడిన ప్రతివారూ ఆ పేపర్‌ను ఉదహరించారు.

ఈ కొలత చేతికందాకే వాళ్లిద్దరూ 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌నీ, 1929లో జీవకణాల శక్తి నిల్వ అయిన ఏటీపీనీ వెలికితీశారు. (అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని గుర్తించాడు.) ప్రాణానికి ఇంధనం ఎక్కడ దాగుందో చెప్పిన ఏటీపీ పేపర్ కంటే, ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి చెప్పిన పేపర్‌కే సైటేషన్లు ఎన్నో రెట్లు ఎక్కువ. శాస్త్రంలో అత్యధికంగా ఉదహరించేవి పద్ధతుల పేపర్లేనని చాలాసార్లు రుజువైంది. మాంసకృత్తులు కొలవడానికి ఆలివర్ లౌరీ 1951లో రాసిన పేపర్‌కు 2014 నాటికి 3 లక్షలకు పైగా సైటేషన్లు వచ్చి మొదటి స్థానంలో నిలిచింది. దాన్ని తన గొప్ప పని అని లౌరీ కూడా అనుకోలేదు. సైటేషన్ వాడకాన్ని లెక్కపెడుతుంది. ఎక్కువగా వాడినదీ, లోతుగా మార్చినదీ ఒకటే కానక్కర్లేదు.

సుబ్బారావు విషయంలో నన్ను ఎక్కువగా కలచివేసేది ఇంకోటుంది. అచ్చు పుస్తకాలుగా వచ్చిన కాలంలో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ ఉదహరించిన పేపర్లను మొదటి రచయిత పేరు కింద మాత్రమే చూపేది. ఆ లెక్కన 1925 పేపర్ ఫిస్క్ పేరు కింద ఉంటుంది. సుబ్బారావు పేరు తీసి చూస్తే ఆయన అత్యధికంగా ఉదహరించిన పనే కనిపించదు. ఆ పై ఇంగ్లీషులో ఆయన పేరును కలిపీ విడగొట్టీ రకరకాలుగా రాశారు. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన బృందాలు ఫోలిక్ ఆమ్లం తయారీ, దాన్ని అడ్డుకునే క్యాన్సర్ మందులు, బోదకాలుకు వాడే డైఈథైల్ కార్బమజైన్ తీసుకొచ్చాయి. కంపెనీ పనిలో పేపర్ మీద పేరు ఎవరిదైనా కావచ్చు. 1948లో ఆయన పోయేనాటికి ఆయన పేరు మన దేశంలో కూడా చాలామందికి తెలియదు.

తెలుగు పేర్లకు ఈ చిక్కు ఇప్పటికీ తీరలేదు. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఇంగ్లీషు పద్ధతిలో చివరి మాటే ఇంటిపేరు. ఫలితంగా రావు, రెడ్డి, కుమార్ అన్నవి ఇంటిపేర్లైపోయి, ముందు రెండు పొడి అక్షరాలు మిగులుతాయి. ఐఐసీటీలో ఒక కె.ఎస్. రావు, ఉస్మానియాలో ఇంకో కె.ఎస్. రావు ఉంటే డేటాబేస్ వాళ్ల పేపర్లన్నీ కలిపి ఒకే మనిషిని చేస్తుంది. లేదా ఒక మనిషినే ఇద్దరు ముగ్గురిగా విడగొడుతుంది. 2012లో మొదలైన ఆర్సిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఇందుకే. మన పరిశోధక విద్యార్థులు మొదటి పేపర్ పంపే రోజే అది తీసుకోవాలి. సంస్థలకూ అదే ఇబ్బంది. సీడీఎఫ్‌డీ పాత పేపర్ల మీద నాచారం ఈసీఐఎల్ రోడ్డు చిరునామా ఉంటుంది, మధ్యలో నాంపల్లి, ఇప్పుడు ఉప్పల్. మూడూ ఒకే సంస్థ అని కంప్యూటర్‌కు ఎవరో చెప్పాలి.

కొందరి పని ఎంతగా ఇంకిపోతుందంటే, దాన్ని ఉదహరించాల్సిన అవసరం కూడా ఉండదు. కల్యంపూడి రాధాకృష్ణారావు పేరు సి.ఆర్. రావుగా లోకమంతా తెలుసు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకుని, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన ఆయన 1945లో, పాతికేళ్ల వయసులో, 'బులెటిన్ ఆఫ్ ద కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ'లో ఒక పేపర్ రాశారు. ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికి ఒక హద్దు ఉందని అందులో చూపారు. రాడార్ నుంచి వైద్య స్కాన్ల దాకా వాడే ఆ సూత్రాన్ని క్రామర్-రావు హద్దు అంటారు. ఇప్పుడు దాన్ని వాడే ఇంజినీరు ఆ పేరు రాస్తాడు, పేపర్‌ను ఉదహరించడు. పాఠ్యపుస్తకంలో కలిసిపోయాక సైటేషన్ ఆగిపోతుంది. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు. ఆ పేపర్ వచ్చిన పత్రికకు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంత అని నేటి కమిటీ అడిగితే ఏం చెప్పాలి?

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే పత్రిక సగటు. ఒక పత్రికలో గత రెండేళ్లలో వచ్చిన పత్రాలకు ఈ ఏడాది సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయన్నది. పత్రికల్లో కొన్ని పేపర్లకే ఎక్కువ వస్తాయి, మిగతావాటికి అరకొర. సగటు ఏ ఒక్క పేపర్ గురించీ ఏమీ చెప్పదు. పైగా భాగహారంలో ఒక లొసుగుంది. పైన అన్ని రకాల రచనలకూ వచ్చిన సైటేషన్లు వేస్తారు, కింద పరిశోధన, సమీక్షా పత్రాలనే లెక్కిస్తారు. అప్పట్లో సీసీఎంబీలో ఉండి, తర్వాత సీడీఎఫ్‌డీకి డైరెక్టర్ అయిన జె. గౌరీశంకర్, పి. దివాకర్‌తో కలిసి ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను అందంగా చూపించుకోవడం గురించి 1999లోనే 'నేచర్'కు లేఖ రాశారు. హెచ్చరిక మన ఉప్పల్ రోడ్డు నుంచే వెళ్లింది. మన సంస్థలు దాన్ని పట్టించుకోవడానికి చాలా ఏళ్లు తీసుకున్నాయి.

సంఖ్య మీద ఉద్యోగం ఆధారపడ్డప్పుడు సంఖ్యను పెంచే వ్యాపారాలు పుడతాయి. డబ్బు తీసుకుని, సరైన పరిశీలన లేకుండా పేపర్లు అచ్చువేసే పత్రికలు హైదరాబాద్‌లో బాగా విస్తరించాయి. ఇక్కడి నుంచి నడిచిన ఒమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పేపర్లను నిపుణులు పరిశీలిస్తారని అబద్ధం చెప్పి పరిశోధకులను మోసగించిందని 2019లో అక్కడి కోర్టు తేల్చి, 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పిచ్చింది. అలాంటి చోట్ల డబ్బు కట్టినవారిలో మన జిల్లాల ఇంజినీరింగ్, డిగ్రీ కాలేజీల అధ్యాపకులు ఎందరో. వాళ్లను తప్పుపట్టే ముందు, ల్యాబ్ లేని కాలేజీలో వారానికి ఇరవై గంటలు పాఠం చెప్పే మనిషిని ప్రమోషన్‌కు పేపర్లు తెమ్మన్న నిబంధనను తప్పుపట్టాలి.

ఈ తిక్కకు విరుగుడు వెతికే ప్రయత్నాలూ జరిగాయి. పత్రిక పేరును బట్టి మనిషిని అంచనా వేయవద్దని 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ప్రకటన తయారైంది. అంకెలను ఎలా వాడాలో పది సూత్రాలతో 2015లో లీడెన్ ప్రణాళిక వచ్చింది. రెండూ చెప్పేది, ముందు పేపర్ చదవమని. అభ్యర్థి ఎంచుకున్న నాలుగైదు పనులను కమిటీ సభ్యులు ముందుగా చదివి రావాలి, ఆ తర్వాతే అంకెలు చూడాలి. రంగంలో పనిచేసేవాళ్లకు అది రెండు సాయంత్రాల పని. అంతకంటే తక్కువ సమయం ఇచ్చి ఒక జీవితకాలపు పని మీద తీర్పు చెప్పడం అన్యాయమని నా అభిప్రాయం.

ఉప్పల్ రోడ్డు మీద కొన్ని పనులను ఏ సైటేషన్ పట్టికా పూర్తిగా చూడలేదు. ఎన్‌ఐఎన్ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పట్టికలు తీసుకోండి. దేశం నలుమూలల నుంచి సేకరించిన 528 ఆహారాల్లో 151 పోషకాంశాలు కొలిచి ఇచ్చారు. ఆసుపత్రి డైటీషియన్ గర్భిణికి ఆహారం రాసేటప్పుడు, దేనిలో ఎంత ఇనుము, ఎంత మాంసకృత్తులు ఉన్నాయో చూడటానికి ఆ అంకెలే వాడతారు. డైట్ చీటీ మీద సైటేషన్ రాయరు కదా.

వరి సంగతి ఇంకా స్పష్టం. బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204, సాంబ మసూరి, మన ఇళ్లలో ఎంతో ఇష్టపడే బియ్యం. దానికి ఎండాకు తెగులు బెడద. సీసీఎంబీలో రమేష్ సోంటి బృందం, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థవారితో కలిసి ఆ తెగులును తట్టుకునే మూడు జన్యువులను, సాంబ మసూరి గుణం చెడకుండా, సంకరణం ద్వారానే అందులోకి తెచ్చారు. ప్రతి తరంలో మొక్క ఆకు నుంచి డీఎన్‌ఏ తీసి, కావాల్సిన జన్యువులు మూడూ ఉన్న మొక్కలనే ముందుకు తీసుకెళ్లారు. దాని గురించి 2008లో 'యుఫిటికా' అనే పత్రికలో పేపర్ వచ్చింది, అదే సమయంలో వంగడమూ విడుదలైంది. పేపర్‌ను తోటి శాస్త్రవేత్తలు బాగానే ఉదహరించారు. విత్తనం మాత్రం రైతుల చేతికి వెళ్లి లక్షల ఎకరాల్లో సాగైంది. ఏ లెక్కతో చూసినా రెండోదే పెద్దది. కానీ ఆ లెక్క స్కోపస్‌లో ఉండదు.

ఇక నాచారం. గుంటూరు నుంచి వచ్చిన రసాయన శాస్త్రవేత్త ఏ.వి. రామారావు 1985 నుంచి 1995 దాకా ఐఐసీటీని నడిపించారు. 1970 పేటెంట్ చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చిన కాలమది. 2005 దాకా అంతే. కొత్త దారిలో అదే మందు చేయగలిగితే దేశంలో అమ్ముకోవచ్చు. ఎయిడ్స్‌కు తొలి మందైన ఏజడ్‌టీని తక్కువ ఖర్చుతో చేసే పద్ధతిని ఐఐసీటీలో ఆయన బృందం రూపొందించి సిప్లాకు ఇచ్చింది. విదేశీ ధరలో కొంత భాగానికే 1990ల తొలినాళ్లలో ఇక్కడ మందు దొరికింది. ఆయన పేపర్లు చాలా రాశారు, విద్యార్థులను తయారుచేశారు. కానీ ఒక్క ప్రక్రియలో ఒక దశ తగ్గించడం, ఒక ద్రావణిని మార్చడం, దిగుబడిని కాస్త పెంచడం మంచి పత్రికలో అచ్చయ్యే పని కాదు. మందు ధరను దించేది మాత్రం అదే. పదవీ విరమణ తర్వాత 1995లో ఆయన స్థాపించిన అవ్రా ల్యాబొరేటరీస్ నాచారం పారిశ్రామికవాడలో ఉంది.

అదే పారిశ్రామికవాడలో ఇప్పుడు అరాజెన్‌గా పిలిచే పాత జీవీకే బయో వంటి కాంట్రాక్ట్ పరిశోధన సంస్థలు ఉన్నాయి. వేరే దేశాల కంపెనీలకు కావాల్సిన అణువులను ఇక్కడి కెమిస్టులు తయారుచేసి పంపుతారు. ఫ్లాస్కు మీద పేరు ఉండదు, కోడ్ నంబరు ఉంటుంది. చేసిన పని నోటుబుక్కులో రాసి, తేదీ వేసి, సాక్షి సంతకం తీసుకుంటారు. ఆ అణువులు చాలావరకు ఒప్పందాల చాటున ఉండిపోతాయి. ఎమ్మెస్సీ చేసి పదిహేనేళ్లుగా అక్కడ పనిచేస్తూ, కష్టమైన చర్యలను చేతివాటంతో గెలిపించే కెమిస్టుకు గూగుల్ స్కాలర్‌లో పేజీ కూడా ఉండకపోవచ్చు. అలాంటి మనిషి ఐఐసీటీలో పీహెచ్‌డీ సీటుకో ఉద్యోగానికో వస్తే, ఇంటర్వ్యూలో పేపర్లెన్ని అని అడగడం కాదు, ఏ చర్య చేశారు, ఎక్కడ ఇరుక్కున్నారు, ఎలా బయటపడ్డారు అని అడగాలి. ఒక అరగంట మాట్లాడితే చాలు, ఆ ప్రశ్న అడిగేవాళ్లు కెమిస్టులైతే.